నాపరాయి, వెనిగర్, సున్నపు తేట: కార్బన్ డై ఆక్సైడ్ ప్రయోగం తప్పకుండా రావాలంటే ఎలా చేయాలి

పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం మొదలైన ప్రతి ఏడాదీ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: “సార్, రాయి మీద ఆమ్లం పోశాం, బుడగలు వచ్చాయి, కానీ సున్నపు తేట పాలలా మారలేదు, ఎందుకు?” విద్యార్థులూ అడుగుతారు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

పాఠ్యపుస్తకంలో పాలరాయి ముక్కలు అని ఉంటుంది కనుక చాలామంది వాటి కోసం వెతుకుతారు. మన కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో ఆ అవసరం లేదు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల, తాడిపత్రి వైపు ఇంటి ముందు అరుగు, లోపలి బండపరుపు, కొన్నిచోట్ల మిద్దె కప్పు కూడా నాపరాయే. నాపరాయి అంటే సున్నపురాయి. అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్, పాలరాయిలో ఉండేదీ అదే. ఆమ్లం తగిలినప్పుడు ఈ కార్బొనేట్ నుంచి కార్బన్ డై ఆక్సైడ్ విడుదలవుతుంది. ఆ వాయువును సున్నపు తేటలోకి పంపితే నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్ మళ్లీ ఏర్పడి, సన్నని తెల్లని రేణువులుగా తేలుతుంది. సిద్ధాంతంగా ఇంతవరకు తెలిస్తే పనికి సరిపోతుంది.

కావలసినవి

- నాపరాయి ముక్కలు, దాదాపు 15 గ్రాములు. బండల పాలిష్ ఫ్యాక్టరీ దగ్గర పారేసిన పెళ్లలు చాలు.
- కిరాణా కొట్టులో దొరికే తెల్లని వెనిగర్, 300 మి.లీ. సీసా మీద ఎసిటిక్ ఆమ్లం 4 శాతం అనో, అంతకంటే కొంచెం ఎక్కువనో ఉండాలి.
- తాంబూలంలో వాడే తెల్లని తడి సున్నం, రెండు చెంచాలు. రంగు, సువాసన కలిపిన సున్నం వద్దు.
- పెళ్లిళ్లలో ఇచ్చే 200 మి.లీ. నీళ్ల సీసా, దాని మూత.
- రెండు మూడు అడుగుల సన్నని ప్లాస్టిక్ గొట్టం. చేపల తొట్టికి గాలి పంపే గొట్టం బాగా సరిపోతుంది. మందుల దుకాణంలో దొరికే సెలైన్ గొట్టమైతే కొత్తదే కొనాలి, ఒకసారి వాడినది ఎట్టి పరిస్థితిలోనూ ముట్టకూడదు.
- సందులు మూయడానికి ఎంసీల్ లేదా కొవ్వొత్తి మైనం.
- ఒకే కొలత గల మూడు చిన్న గాజు గ్లాసులు లేదా పరీక్షనాళికలు, ఒక నల్ల కాగితం.
- కళ్లకు రక్షణగా అద్దాలు, పక్కన ఒక బకెట్ మంచినీళ్లు.

వెనిగర్ దొరకకపోతే నిమ్మరసం వాడవచ్చు కానీ, అది మొదట బాగా బుడగలు ఇచ్చి కాసేపటికి మందగిస్తుంది. రాయి మీద కాల్షియం సిట్రేట్ పొర పేరుకోవడమే దానికి కారణం. చింతపండు పులుసుదీ దాదాపు అదే కథ. మరుగుదొడ్లు కడిగే యాసిడ్, బ్యాటరీ యాసిడ్ మాత్రం ఇంట్లో ఈ పనికి వాడవద్దు. మొదటిదానిలో గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, దానికి బ్లీచింగ్ పౌడర్ తగిలితే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. రెండోది సల్ఫ్యూరిక్ ఆమ్లం. ప్రమాదం సంగతి అలా ఉంచినా, అది రాయి మీద కరగని కాల్షియం సల్ఫేట్ పొరను కప్పి చర్యనే ఆపేస్తుంది. పాఠశాల ప్రయోగశాలలో ఉపాధ్యాయుల సమక్షంలో చేసేవారు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే చర్య చాలా వేగంగా జరుగుతుంది.

1. ముందు రోజే సున్నపు తేట తయారు చేసుకోండి

ఈ ప్రయోగం విఫలమైతే పదింట ఎనిమిదిసార్లు తప్పు ఇక్కడే జరిగి ఉంటుందని నా అనుభవం. కాచి చల్లార్చిన నీటిని లేదా శుద్ధి యంత్రం నీటిని ఒక లీటరు సీసాలో మెడ వరకు నింపి, రెండు చెంచాల తడి సున్నం వేసి, మూత బిగించి రెండు నిమిషాలు బాగా కలపండి. లీటరు నీటిలో కరిగేది దాదాపు 1.7 గ్రాముల సున్నమే. మిగిలినదంతా అడుగున పేరుకుంటుంది. కాబట్టి ఎక్కువ వేస్తే తేట గాఢమవుతుందని అనుకోకండి. సున్నం వేడినీటిలో కంటే చన్నీటిలోనే ఎక్కువ కరుగుతుంది కనుక నీటిని వేడి చేయడం వల్ల ప్రయోజనం లేదు.

సీసాను కదల్చకుండా రాత్రంతా ఉంచండి. ఉదయానికి పైన అద్దంలాంటి తేట నిలుస్తుంది. దానిని మెల్లగా మరో పొడి సీసాలోకి అంచు దాకా వంచి, వెంటనే మూత పెట్టండి. సీసాలో ఖాళీ మిగిలితే అక్కడి గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ తేటను మెల్లగా తినేస్తుంది. మూతలేని గ్లాసులో ఉంచిన తేట మీద సన్నని తెల్లని మీగడ కట్టడం మీరు చూసే ఉంటారు, అది ఈ చర్య ఫలితమే.

హెచ్చరిక: సున్నపు తేట చూడటానికి నీళ్లలా ఉన్నా అది బలమైన క్షారం. కంట్లో పడితే నలపకుండా, పావుగంటసేపు ధారగా మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తాగే నీళ్ల సీసాలో పోస్తే దాని మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, చిన్నపిల్లలకు అందని చోట ఉంచండి.

2. తేట పనిచేస్తోందో లేదో పరీక్షించండి

ఒక గ్లాసులో 20 మి.లీ. తేట తీసుకొని, స్ట్రాతో మెల్లగా ఊదండి. ఊదడమే తప్ప పీల్చకూడదు. మన ఊపిరిలోని కార్బన్ డై ఆక్సైడ్ వల్ల అది అర నిమిషం, ఒక నిమిషం లోపల తెల్లబడాలి. అలా జరగకపోతే ఆ తేట పాతబడిందన్నమాట, ముందుకు వెళ్లకుండా కొత్తది చేసుకోండి.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. మన బోరు నీళ్లలో చాలావరకు కఠినత్వం ఎక్కువ. అందులో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. దానికి సున్నపు తేట కలిస్తే, బయటి నుంచి ఏ వాయువూ పంపకుండానే కాల్షియం కార్బొనేట్ ఏర్పడి గ్లాసు తెల్లబడుతుంది. ఒకసారి తరగతిలో నేను బోరు నీళ్లతో కడిగిన గ్లాసులను తుడవకుండానే వాడాను. వాయువు పంపక ముందే మూడింటిలోనూ తేట మసకబారింది, ఆ రోజు పాఠం ఆపి మరునాడు మళ్లీ చేయవలసి వచ్చింది. అప్పటి నుంచి గ్లాసులు, గొట్టం చివర, కొలత పాత్ర అన్నీ శుద్ధి చేసిన నీటితో చివరిసారి కడిగి, పొడి గుడ్డతో తుడిచాకే మొదలుపెడుతున్నాను. మీరు కూడా అలాగే చేయండి.

3. రాయిని సిద్ధం చేయండి

నునుపు చేసిన ముఖం మీద పాలిష్, మైనం, నూనె మరకలు ఉండవచ్చు. అందువల్ల పెళ్లను గోనెపట్టాలో చుట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకొని, సుత్తితో కొట్టి లోపలి తాజా ముఖం బయటపడేలా చూడండి. శనగగింజంత ముక్కలు చాలు. మరీ పెద్ద ముక్కలైతే వెనిగర్ లాంటి బలహీన ఆమ్లంతో చర్య విసుగు పుట్టించేంత నెమ్మదిగా సాగుతుంది. మొత్తం పొడి అయితే ఒక్కసారిగా పొంగి నురుగు గొట్టంలోకి ఎక్కవచ్చు. మూడు వంతులు ముక్కలు, ఒక వంతు నలిగిన పొడి ఉంటే చక్కగా నడుస్తుంది.

వేసే ముందు ఒక ముక్కను మేకుతో గీసి, రాలిన పొడి మీద వెనిగర్ చుక్క వేసి భూతద్దంతో చూడండి. సన్నని బుడగలు లేస్తే అది పనికివచ్చే రాయే. బుడగలు రాకపోతే చుక్కను కాస్త వెచ్చగా చేసి మళ్లీ చూడండి, ఎందుకంటే మెగ్నీషియం కూడా ఉన్న డోలమైటు చల్లని బలహీన ఆమ్లంతో దాదాపు కదలదు.

4. పరికరాన్ని అమర్చి, గాలి కారకుండా చూసుకోండి

సీసా మూతకు గొట్టం బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, గొట్టాన్ని లోపలికి ఒక సెంటీమీటరు మాత్రమే దూర్చి, చుట్టూ ఎంసీల్ పెట్టి గట్టిపడనివ్వండి. లోపలి చివర ఆమ్లానికి చాలా పైన ఉండాలి.

ఖాళీ సీసాకు మూత బిగించి, గొట్టం బయటి చివరను మామూలు నీళ్లలో ముంచి, సీసాను మెల్లగా నొక్కండి. బుడగలు రావాలి. చేయి వదిలినప్పుడు నీరు గొట్టంలో పైకి ఎక్కాలి. నీరు ఎక్కకపోతే ఎక్కడో సందు ఉన్నట్టే, మైనం పూసి మళ్లీ చూడండి. ఈ పరీక్షకు పట్టేది ఒక్క నిమిషం. దీన్ని వదిలేసి, తరువాత అరగంట గొట్టం వైపు చూస్తూ కూర్చున్న బృందాలను నేను చాలా చూశాను.

సీసా చిన్నది కావాలని చెప్పడానికి కారణం ఉంది. 100 మి.లీ. వెనిగర్ (4 శాతం) నుంచి లెక్క ప్రకారం వచ్చే వాయువు దాదాపు 800 మి.లీ. లీటరు సీసా వాడితే పైన 900 మి.లీ. మామూలు గాలి ఉంటుంది. కార్బన్ డై ఆక్సైడ్ బరువైన వాయువు కనుక అడుగున చేరి, ముందుగా ఆ గాలినే బయటకు నెడుతుంది. బుడగలు ధారగా వస్తున్నా తేట మారలేదని చెప్పేవారిలో చాలామంది నిజానికి తేటలోకి పంపింది గాలిని.

5. రాయి లేకుండా ఒకసారి చేయండి

సీసాలో 100 మి.లీ. వెనిగర్ మాత్రమే పోసి, గొట్టం చివరను మొదటి గ్లాసులోని 20 మి.లీ. తేటలో ముంచి, ఐదు నిమిషాలు ఉంచండి. తేట అలాగే ఉండాలి. ఈ గ్లాసును పారబోయకుండా పక్కన పెట్టండి, చివర పోల్చడానికి కావాలి. పరీక్షలో దీనికి విడిగా మార్కులు ఉండకపోవచ్చు. అయినా మార్పు రాయి వల్లే వచ్చిందని మీరు ధైర్యంగా రాయగలిగేది ఈ గ్లాసు ఉన్నప్పుడే, అందుకే దీన్ని దాటవేయవద్దని నేను పట్టుబడతాను.

6. అసలు ప్రయోగం

అదే వెనిగర్‌ను గోరువెచ్చగా, చేతికి హాయిగా తగిలేంత మాత్రమే వేడి చేసి, సీసాలో పోసి, రాయి వేసి, వెంటనే మూత బిగించండి. మొదటి రెండు మూడు నిమిషాలు గొట్టం చివరను మామూలు నీళ్ల గ్లాసులో ఉంచి గాలిని పోనివ్వండి. ఆ తరువాత చివరను తుడిచి, రెండో గ్లాసులోని 20 మి.లీ. తేటలో రెండు సెంటీమీటర్ల లోతున ఉంచండి. గ్లాసు వెనుక నల్ల కాగితం పెడితే మొదటి మసక కూడా కనిపిస్తుంది.

వెనిగర్‌తో ఇది కొన్ని నిమిషాల పని. తొందరపడి సీసాను నొక్కకండి. నొక్కి వదిలితే సున్నపు తేట వెనక్కి పీల్చుకుపోయి ఆమ్లంలో కలుస్తుంది. గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో చూస్తూ ఉండండి, వాయువుకు దారి లేకపోతే సీసా ఉబ్బి మూత ఎగిరే ప్రమాదం ఉంది. అదే కారణంతో, గొట్టం లేని మూతను ఈ సీసాకు ఎప్పుడూ బిగించకూడదు.

పాలలా మారగానే గొట్టాన్ని బయటకు తీయండి. ఇది చాలా ముఖ్యం. 20 మి.లీ. తేటలో ఉన్న సున్నమంతా కార్బొనేట్‌గా మారడానికి సుమారు 11 మి.లీ. కార్బన్ డై ఆక్సైడ్ చాలు. అంతకు మించి పంపుతూ పోతే ఏర్పడిన కార్బొనేట్ నీటిలో కరిగే బైకార్బొనేట్‌గా మారి, తేట మళ్లీ తేరుకుంటుంది. పక్కవారితో మాట్లాడి వచ్చి చూసినవారికి గ్లాసు స్వచ్ఛంగా కనిపిస్తుంది, వారు మార్పు రాలేదని రాసేస్తారు.

7. వచ్చిన తెలుపు దేని వల్లనో నిర్ధారించుకోండి

పాలలా మారిన గ్లాసులో సగం వేరొక గ్లాసులో పోసి, అందులో కొన్ని చుక్కల వెనిగర్ వేయండి. తెలుపు కరిగిపోతే అది కార్బొనేటే. కరగకుండా మిగిలితే దుమ్మో, మరేదైనా రేణువులో అయి ఉండవచ్చు.

మిగిలిన సగంలోకి వాయువును ఇంకా పంపి, అది తేరుకునేదాకా చూడండి. తేరుకున్న ఆ ద్రవాన్ని పరీక్షనాళికలో తీసుకొని మెల్లగా మరిగిస్తే మళ్లీ మసకబారుతుంది, కార్బన్ డై ఆక్సైడ్ వెళ్లిపోయి కార్బొనేట్ తిరిగి ఏర్పడుతుంది. మరిగించేటప్పుడు నాళిక మూతి మీ వైపు గానీ, ఇతరుల వైపు గానీ ఉండకూడదు. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర వచ్చేది ఈ విధంగానే. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలకు విహారయాత్రకు వెళ్లినవారు పైకప్పు నుంచి దిగిన రాతి ఊడలను చూసి ఉంటారు. 3,229 మీటర్ల పొడవున సాగే ఆ గుహలను సున్నపురాయిని కరిగిస్తూ తొలిచింది కార్బన్ డై ఆక్సైడ్ కలిసిన నీరు, ఊడలు కట్టింది అదే నీటి నుంచి ఆ వాయువు విడిపోయిన చోట. మీ నాళికలో నిమిషాల్లో జరిగినది అక్కడ వేల ఏళ్లుగా జరుగుతోంది.

వెలిగే అగ్గిపుల్ల ఆరిపోయింది కాబట్టి అది కార్బన్ డై ఆక్సైడే అని కొందరు ముగిస్తారు. అది సరిపోదు. నత్రజనిలోనూ అగ్గిపుల్ల ఆరిపోతుంది. సున్నపు తేట పరీక్షే నిర్ధారణ.

ఫలితం రాకపోతే ఈ వరుసలో చూడండి

రాయి దగ్గర బుడగలే లేకపోతే రాయిని అనుమానించండి. అనంతపురం వైపు గ్రానైట్, గండికోట లోయలోని ఎర్రటి గట్టి రాయి వంటివి నాపరాళ్లు కావు. వాటిలో చెప్పుకోదగ్గ కార్బొనేట్ ఉండదు. మంగంపేట ముగ్గురాయి కూడా బుడగలు ఇవ్వదు, అది బేరియం సల్ఫేట్. చేతిలో పట్టుకుంటేనే దాని బరువు తెలుస్తుంది, అదే పరిమాణం గల నాపరాయి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అంగట్లో ముగ్గుపిండి పేరుతో అమ్మే పొడి అన్నిచోట్లా ఒకే రాయి నుంచి రాదు. చిటికెడు పిండి మీద వెనిగర్ చుక్క వేసి, ఏ కొట్టు పిండి బుడగలు ఇస్తుందో, ఏది ఇవ్వదో పట్టిక వేయడం తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా మంచి పని.

రాయి దగ్గర బుడగలు ఉండి, గొట్టం చివర లేకపోతే గాలి కారుతోంది. నాలుగో దశకు తిరిగి వెళ్లండి.

రెండు చోట్లా బుడగలు ఉండి తేట మారకపోతే మూడు కారణాలు సాధ్యం: తేట పాతది, లేదా వెళ్తున్నది ఇంకా గాలే, లేదా నురుగుతో పాటు ఆమ్లం తేటలోకి చేరి సున్నాన్ని తటస్థీకరించింది. మూడోదాన్ని పసుపు కాగితంతో సులభంగా పట్టుకోవచ్చు. మంచి సున్నపు తేటలో ముంచిన పసుపు కాగితం ఎర్రబడుతుంది, ఆమ్లం చేరి చెడిన దానిలో పసుపుగానే ఉంటుంది. పరికరం మీదే అనుమానం ఉంటే రాయికి బదులు అర చెంచా వంటసోడా కాగితంలో పొట్లం కట్టి వేసి చూడండి. దానితో కూడా తేట మారకపోతే తప్పు రాయిది కాదు.

రాయిలో కార్బొనేట్ ఎంత ఉందో తెలుసుకోవాలంటే

సైన్స్ ప్రదర్శనకు తయారయ్యేవారు ఈ దశ కూడా చేస్తే బాగుంటుంది. 0.01 గ్రాము వరకు చూపే చిన్న తూకం కావాలి. 2.00 గ్రాముల మెత్తని రాతిపొడి, వేరే గ్లాసులో 100 మి.లీ. వెనిగర్, రెండింటినీ కలిపి తూచండి. తరువాత పొడిని కొద్దికొద్దిగా వెనిగర్‌లో వేసి, చుక్క కూడా చిందకుండా తిప్పుతూ, బుడగలు పూర్తిగా ఆగాక రెండు పాత్రలనూ మళ్లీ తూచండి. తగ్గిన బరువు వెళ్లిపోయిన వాయువుది. కాల్షియం కార్బొనేట్ బరువులో 44 శాతం కార్బన్ డై ఆక్సైడ్ కాబట్టి, 2 గ్రాములూ స్వచ్ఛమైనదైతే 0.88 గ్రాము తగ్గాలి. ఉదాహరణకు 0.75 గ్రాము తగ్గితే, 0.75ను 0.88తో భాగించి, ఆ రాయిలో సుమారు 85 శాతం కార్బొనేట్ ఉందని చెప్పవచ్చు.

ఈ లెక్కను పాడుచేసేవి రెండు. వెనిగర్‌లో కొంత వాయువు కరిగి ఉండిపోతుంది, దానివల్ల విలువ తక్కువ వస్తుంది; కాబట్టి చివర ఐదు నిమిషాలు మెల్లగా తిప్పుతూ, గ్లాసు పైన విసనకర్రతో విసరండి. ఆ సమయంలోనే ద్రవం కొంత ఆవిరవుతుంది, దానివల్ల విలువ ఎక్కువ వస్తుంది. అందుకని పక్కన మరో 100 మి.లీ. వెనిగర్‌ను అలాంటి గ్లాసులోనే ఉంచి, అంతేసేపు తిప్పి, విసిరి, అందులో తగ్గిన బరువును తీసివేయండి. మూడుసార్లు చేసి సగటు రాయండి. మూడు విలువలకూ మధ్య తేడా ఎక్కువగా ఉంటే నచ్చినదాన్ని ఎంచుకోకుండా మూడింటినీ రాసి, తేడాకు కారణం వెతకండి.

నమోదు పుస్తకంలో “కార్బన్ డై ఆక్సైడ్ వచ్చింది” అని పరిశీలన కింద రాయవద్దు. మీ కంటికి కనిపించినవి రంగులేని బుడగలు, తెల్లబడిన తేట; అవి పరిశీలనలు. వాయువు పేరు నిర్ధారణ కింద రావాలి. ఎన్ని నిమిషాలకు మసక మొదలైందో, ఎన్ని నిమిషాలకు తేరుకుందో సమయం కూడా వేయండి.

పని అయ్యాక వెనిగర్, రాయి కలిసిన ద్రవాన్ని ఎక్కువ నీళ్లతో కలిపి కాలువలో పోయవచ్చు. మిగిలిన రాళ్లను కడిగి ఆరబెడితే మళ్లీ పనికివస్తాయి. తేట పట్టిన గ్లాసులను వెంటనే కడగండి. ఆలస్యమైతే గాజుకు తెల్లని పొర పట్టేస్తుంది, దానిని వదిలించడానికి మళ్లీ కాస్త వెనిగరే కావాలి.